అట్లలోకి ఏం చేశారు?

గోదావరి జిల్లాల్లో మనిషి ఎదురైతే మంచీ చెడ్డా తరవాత, ముందు "ఏం కూర?" అంటారు. అందులో ప్రేమ లేదనను. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు అందరి గొంతూ ఒకలాగే ఉండదు.

1983లో నేను భీమవరంలో ఒక ఆఫీసులో గుమస్తాగా చేరాను. మధ్యాహ్నం అందరం ఒకచోట కూచుని కేరేజీలు విప్పుకునేవాళ్ళం. ఒకరోజు నా కేరేజీలో అట్లున్నాయి. పక్క సీటాయన తొంగిచూసి "ఏవండీ, అట్లలోకి ఏం చేశారు?" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు. నా గుండె ఆగినంత పనయింది. "అల్లప్పచ్చడండి" అన్నాను. నిజంగానే ఆవేళ అల్లప్పచ్చడే. గిన్నె మూత తీసి చూపించాను కూడా. ఆయన చూపించమనలేదు. నేనే చూపించాను. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే, ఆ మూత తీసిన చెయ్యి మీదే నాకు అసహ్యం వేసింది.

కులం అడగడానికి మా వైపు మర్యాదైన దారులు చాలా ఉన్నాయి. ఇంటిపేరేంటండి? మీ ఊళ్ళో మీది ఏ వైపండి? ఏ పండక్కి ఊరెళ్తారండి? వీటన్నిటికన్నా దగ్గిరదారి కంచం. అట్టు అందరి కంచంలోనూ ఉంటుంది. గుండ్రంగా, మధ్యలో మెత్తగా, అంచున కరకరలాడుతూ ఒకేలాగ ఉంటుంది. దానిలోకి నంజుకునేదాంట్లోనే తేడా అంతా.

మాది భీమవరానికి ఆరు మైళ్ళ దూరంలో ఉండి వైపు ఒక ఊరు. ఊరు మాది కాదు, పేట మాది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, డెల్టా అన్నపూర్ణ అయింది అని బడిలో చదువుకున్నాను. కాలవ మా పేట పక్కనించే పోయేది. ఆ కాలవ కింద మా పేరున సెంటు భూమి లేదు. మా నాన్న ఒక ఆసామి దగ్గర పాలేరు. మా అమ్మ ఊడ్పులకీ కలుపులకీ కోతలకీ మినుం తీతకీ పోయేది.

మినుముల సంగతి కొంచెం చెప్పాలి. అట్టు పుట్టేది అక్కడే. సార్వా వరి ఇంకా కొయ్యకుండానే, కోతకి నాలుగైదు రోజులుందనగా, తడి ఆరని చేలో మినుములు చల్లేస్తారు. వరి కోసేశాక ఆ దుబ్బుల మధ్యనించి మొలక లేస్తుంది. దున్నేది లేదు, నీళ్ళు పెట్టేది లేదు. నేలలో మిగిలిన పదునుకీ మంచుకీ పెరిగిపోద్ది. దాళ్వాకి కాలవ వదలని ఏడు మా వైపు చేలన్నీ మినుమే. మాఘం దాటేటప్పటికి తీతకొస్తుంది. ఎండెక్కితే కాయ చిట్లి గింజ రాలిపోద్ది కాబట్టి తెల్లారగట్ట మంచులోనే దిగాలి. నడుం వంచి మొక్కా మొక్కా పీకాలి. కోసిన వరి దుబ్బులు అరికాళ్ళలో దిగబడేవి. మా అమ్మ పాదాలు ఆ రెండు నెలలూ చూడటానికి వీల్లేకుండా ఉండేవి. కూలి గింజల్లోనే కొలిచేవారు. ఆ గింజల్ని కుండలో పోసి బూడిద కలిపి, మూతికి గుడ్డ కట్టి మూల దాచేది. ఏడాది పొడుగునా మా ఇంటి అట్లకి ఆ కుండే దిక్కు.

బియ్యం ఎక్కడివి? మిల్లు నూకలు. తవ్వెడు నూకలకి గుప్పెడు మినుములు. పొట్టు కడగనిచ్చేది కాదు మా అమ్మ. పొట్టు పోతే పిండి తగ్గిపోద్దని. అందుకని మా అట్టు తెల్లగా ఉండేది కాదు, నల్లమచ్చల కోడిపెట్టలా ఉండేది. పేట మొత్తానికి రుబ్బురోళ్ళు మూడు. ఎవరి వంతొచ్చేదాకా వాళ్ళు పిండిగిన్నె పట్టుకుని కబుర్లు చెప్పుకునేవారు. పేట తగువులు సగం అక్కడే పుట్టేవి, అక్కడే తెగేవి. పెనానికి రాయడానికి నూనె లేదు. మాంసం తెచ్చిన రోజు మా అమ్మ కొవ్వుముక్క ఒకటి తీసి దాచేది. వేడి పెనం మీద దాన్ని రుద్దితే చుయ్యిమనేది. ఆ వాసన వస్తే పేటలో కుక్కలతోపాటు మేమూ లేచేవాళ్ళం.

మామూలు రోజున అట్లలోకి ఉప్పూ ఎండుమిరపకాయా నూరిన కారం, పచ్చి నీరుల్లిపాయ. చేతిలో డబ్బులాడితే రొయ్యపొట్టు. వట్టి మూకుట్లో వేపి, వెల్లుల్లీ కారం వేసి దంచితే, దాంతో ఎన్ని అట్లు తింటున్నామో లెక్క ఉండదు. అందుకే ఎక్కువ చేసేది కాదు. వానాకాలం బోదెల్లో పరిగలూ జెల్లలూ దొరికితే పులుసు. రాత్రి పులుసు, పొద్దున్నే అట్టు. చల్లారిన చేపల పులుసు రుచి నేను చెప్పక్కర్లేదు, గోదావరోళ్ళకి తెలుసు.

ఆదివారం గుడి విడిచాక పెద్దకూర. క్రిస్మస్‌కి తప్పనిసరి. ముక్కలు ఉప్పూ పసుపూ వేసి ఉడకేసి, ఆ నీళ్ళు చుక్క పారబోయకుండా, దంచిన కారం, ధనియాలు, ఉల్లిపాయలు వేసి పల్చటి పులుసులా దింపేది. అట్టుని నాలుగు ముక్కలు చేసి గిన్నెలో వేసి, పైన పులుసు పోసి, "నాననియ్యండిరా, ఆగండి" అనేది. ఆగేవాళ్ళెవరు? అట్టులో ఉండే చిల్లులన్నిట్లోకీ ఆ పులుసు దిగేది. మినప పులుపూ, కారం, ఎముక రసం. నేను తరవాత చాలా ఊళ్ళు తిరిగాను. పెద్దపెద్ద హోటళ్ళలో తిన్నాను. దాన్ని మించింది నాకు తగల్లేదు. ఎక్కువ దొరికితే ముక్కలు దండెం మీద ఎండేసి తునకలు చేసేది. నాములకి ధాన్యం తెచ్చుకునే కరువు నెలల్లో ఒక్క తునక నిప్పుల మీద కాల్చి, నలుగురికీ పీచు పీచు తీసి, అట్లలో పెట్టేది.

ఈ మాట మా వాళ్ళలో కొందరికి నచ్చదు, అయినా రాస్తాను. ఆ కూర కోసి పంచేది మాదిగపేటవాళ్ళు. ఆదివారం మేం గిన్నెలు పట్టుకుని వాళ్ళ గుమ్మాల్లోనే నిలబడేవాళ్ళం. కూర తెచ్చుకునేవాళ్ళం, వాళ్ళ పెనం మీద వేసిన అట్టు మాత్రం ముట్టేవాళ్ళం కాదు. "ఎందుకమ్మా?" అని నేను అడిగితే, "ఎప్పట్నించో అంతే" అంది. 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు మావాళ్ళు చాలామంది కోపగించుకున్నారు. నాకు మాత్రం మేం తినని ఆ అట్టు గుర్తొచ్చి నోరు పెగల్లేదు.

ఊళ్ళో అట్లకి ఒక పండగే ఉంది. ఆశ్వయుజ మాసంలో పున్నమి వెళ్ళిన మూడోనాడు అట్లతద్ది. కుజుడికి అట్లంటే ఇష్టమనీ, ఆ నోము పడితే ఆడపిల్లకి మంచి మొగుడొస్తాడనీ అంటారు. తెల్లారగట్ట లేచి అన్నాలు తినేవారు, గోరింటాకులు, చెట్లకి ఉయ్యాలలు. సాయంత్రం చంద్రుణ్ణి చూసి ముత్తయిదువకి పదకొండు అట్లు వాయనం. మా పేటలో అదే ఆశ్వయుజం తిండికి కటకట. సార్వా ఇంకా చేలోనే ఉంటుంది, ఇంట్లో గింజ ఉండదు.

మా అక్కకి పదేళ్ళప్పుడు ఉయ్యాల ఎక్కాలని సరదా. ఊళ్ళో చింతచెట్టు ఉయ్యాల దగ్గరికి పోయి దూరంగా నిలబడి చూసొచ్చేది. ఆ ఏడు నోము మర్నాడు మా అమ్మ ఆసామి ఇంటి దొడ్లో పేడ తీస్తుంటే నేనూ మా అక్కా వెంట ఉన్నాం. అమ్మగారు వంటింటి వాకిట్లోంచి పిలిచింది. మా అమ్మ కొంగు పట్టింది. ఆవిడ మూరెడు ఎత్తునించి మిగిలిన అట్లు కొంగులో వదిలింది. ఒకటి పక్కకి పడింది. మా అక్క వంగి తీసి, పేడనీళ్ళు దులిపి, గౌనుకి తుడిచింది. తెల్లటి అట్లవి. పొట్టు లేదు. మా అమ్మ పీకిన మినుములే, మా నాన్న కోసిన వరే. వాటి తెలుపు చూసి మాకు ఆశ్చర్యం. ఇంటికొచ్చాక మేం తింటుంటే మా అమ్మ తినలేదు. "ఆవిడ అట్లిచ్చింది. ఆటిలోకి ఏవీ ఇవ్వలేదు, చూసేవా" అంది. ఆవిడ ఇంట్లో ఆవేళ అట్లలోకి బెల్లం పాకమూ నెయ్యీ ఉన్నాయని మా అమ్మకి వాసన తెలుసు. మా అక్క ఇంకో అట్టు కోసం చెయ్యి చాపితే మా అమ్మ చెంప మీద కొట్టింది. ఎందుకు కొట్టిందో అప్పుడు నాకు తెలియలేదు.

మాకు తీపి లేదనుకోకండి. తాటిపళ్ళు మాకున్న తీపి. శ్రావణ భాద్రపదాల్లో గట్ల మీద రాలిన పండు ఎవరికి ముందు కనబడితే వాళ్ళది. దానికి కులం లేదు, తెల్లారకముందే లేచే ఓపిక ఉండాలి. పండు పిసికి, పీచు తీసి, ఆ గుజ్జులో నూకలు కలిపి, ఉంటే బెల్లం ముక్క వేసి, మట్టి మూకుట్లో పోసి మూత మీద కూడా నిప్పులు పెట్టేది. కిందా పైనా సెగ. రొట్టె రెండంగుళాల మందాన పొంగి, అడుగున ఎర్రగా మాడేది. ఆ మాడు కోసం కొట్టుకునేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళు ఇదే పద్ధతిలో దిబ్బరొట్టె కాల్చుకుని తేనెపాకంతో తినేవారు. మా రొట్టెకి పాకం అక్కర్లేదు.

ఊరి టీకొట్లో మా నాన్న గ్లాసు చూరుకి వేళ్ళాడేది. తనే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ దోపాలి. 1955లోనే చట్టం వచ్చింది, గ్లాసు మాత్రం నాకు బాగా ఊహ తెలిసేదాకా అక్కడే ఉంది. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఊరిని ఎందుకంత గట్టిగా తిట్టాడో చదివినప్పుడు నాకు ముందు ఆ గ్లాసే కనబడింది. అవన్నీ పాతరోజులండీ అంటారు కుర్రాళ్ళు కొందరు. 2017లో ఇదే భీమవరం పక్కన, పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం గొడవలో దళితుల్ని వెలివేస్తే, పనుల్లోకి పిలవడం మానేస్తే, మరి అది ఏ రోజులు?

అందుకే మాకు భీమవరం అంటే అంత ఇది. పట్నంలో హోటలు వాడికి డబ్బులే కావాలి. ఎనిమిదో తరగతిలో మా నాన్న నన్ను పశువుల సంతకి తీసుకొచ్చి, వెళ్ళేటప్పుడు హోటల్లో పెసరట్టు ఉప్మా తినిపించాడు. బల్ల మీద, అందరి మధ్యన. ఆయన మాత్రం తినలేదు. బెంచీ చివర సగమే ఆనుకుని కూచుని, నేను తింటుంటే తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు.

కాలేజీకి వచ్చాక హాస్టల్లో సీటు చాలక, గునుపూడి వైపు ఒక ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. నా పేరులో ఉన్న బైబిలు ముక్కని ఒక పొడి అక్షరం చేసేశాను. మిగిలిన పేరు ఎవరికైనా సరిపోయేదే. ఇంటావిడ మంచావిడ. నేనింకా అదే మాట అంటాను. మజ్జిగ ఇచ్చేది, జ్వరమొస్తే కాఫీ ఇచ్చేది. ఆవిడింట్లో ఆదివారం కోడికూర, రొయ్యల వేపుడు వాసన వీధి చివరిదాకా వచ్చేది. మాంసం తింటే కులం తక్కువవదు మా వైపు. ఏ మాంసమన్నదే లెక్క.

1979 క్రిస్మస్‌కి నేను ఇంటికెళ్ళలేదు. ఏ పండక్కి వెళ్తున్నావని ఆవిడ అడుగుతుందని. మర్నాడు పొద్దున్నే మా అమ్మ వచ్చింది. పాస్టరుగారి ఇంట్లో మూడు గిన్నెల కేరేజీ అడిగి తెచ్చింది. ఆరు మైళ్ళూ నడిచే వచ్చిందని పాదాల మీద దుమ్ము చెబుతోంది. అరుగెక్కలేదు. కింద, ఓ పక్కకి ఒదిగి నిలబడింది. ఆ నిలబడ్డ తీరే మా కులం చెప్పేసేది. నాకు చెమటలు పట్టాయి. ఇంటావిడ లోపల ఎక్కడో ఉంది.

"పండక్కి రాలేదేంరా? అట్లేసేను. కూర తెచ్చేను. కింద గిన్నె జాగర్తగా పట్టుకో, పులుసుంది" అంది.

నేను గబగబా పై రెండు గిన్నెల్లో అట్లు తీసి పేపర్లో పెట్టుకున్నాను. కింద గిన్నె మూత తియ్యలేదు. తియ్యకపోయినా వాసన వస్తోంది. "కూర వద్దమ్మా, తీసుకెళ్ళిపో" అన్నాను.

"రెండు ముక్కలన్నా తినెయ్యి నాన్నా, ఇక్కడే. నేను అడ్డం నిలబడతాను."

నేను అడ్డం నిలబడతాను అంది. అంటే ఆవిడకి అంతా తెలుసు. నేను ఏం దాస్తున్నానో, ఎవరి దగ్గర దాస్తున్నానో, చెప్పకుండానే తెలిసిపోయింది. "వాసనొస్తదమ్మా, ఎల్లు" అన్నాను. ఇంక మాట్లాడలేదు. గిన్నె మీద కొంగు కప్పుకుని వెనక్కి తిరిగింది. వీధి మలుపు దాకా చూశాను. వెనక్కి చూడలేదు.

ఇంటావిడ వచ్చి, "ఎవరబ్బాయీ?" అంది. "మా అమ్మండి." "అయ్యో, లోపలికి పిలవద్దూ?" "బస్సుకి టైమయిందండి." పేపర్లో అట్లు చూసి, "ఎంత మెత్తగా ఉన్నాయో, పొట్టు తియ్యలేదే" అంటూ రెండు తీసుకుంది. నాకు గిన్నెలో అల్లప్పచ్చడి తెచ్చి పెట్టింది. ఆ అట్టు నమిలి మింగడం ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు.

ఉద్యోగం వచ్చాక కూడా ఆ భయం పోలేదు. 1985 జూలై 17న కారంచేడు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన మాట ఆరు ప్రాణాలు తీసింది. చీరాల శిబిరానికి పోయొచ్చినవాళ్ళ వెంట నేనూ మీటింగులకి తిరిగాను. వేదిక మీద మాట్లాడాను. ఆఫీసులో మాత్రం కేరేజీ విప్పితే అల్లప్పచ్చడే. మీటింగులో గొంతు లేచినంత తేలిగ్గా భోజనాల బల్ల దగ్గర లేవదు. 1991లో చుండూరు తరవాత ఒకరోజు ఎవరో అడిగితే "పెద్దకూరండి" అన్నాను. ఆవేళ కేరేజీలో వంకాయ. అయినా ఆ మాటే అనాలనిపించింది. ఆ తరవాత నా పక్కన కూచునేవాళ్ళు ఇద్దరు తగ్గారు. ఒకాయన మాత్రం నెల తరవాత చెవిలో, "మాకూ కొంచెం తెస్తారా?" అన్నాడు. ఆయన కులం ఏంటో నేను రాయను.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టారు, గొడవలయ్యాయి. ఆ వారం నేను పేటకి వెళ్ళి, పేపరు మా అమ్మకి చదివి వినిపించాను. అప్పటికి ఆవిడకి డెబ్భై దాటాయి. మినుం చేలు ఎప్పుడో పోయాయి. 90ల మొదట్లో టైగరు రొయ్యకి తవ్విన చెరువులు, 94, 95ల్లో తెల్లమచ్చ తెగులొచ్చి ఎండినా మళ్ళీ చేలు కాలేదు. 2009 తరవాత వనామీ వచ్చాక మిగిలిన చేలూ తవ్వేశారు. బోదెల్లో పరిగలూ లేవు. మా అమ్మ కొట్లో పొట్టు తీసిన మినప్పప్పు పేకెట్టు కొనేది. "తెల్లట్లు అయిపోయేయిరా మనయ్యీ" అని నవ్వేది.

పేపరంతా విని, "కూర తినడానికి పండగెందుకురా? అట్లేసేరంటా?" అంది.

"ఏమో, అది రాయలేదు."

"అట్లు లేకుండా ఏం పండగ?"

అప్పుడు అడిగాను. ముప్ఫయి మూడేళ్ళయింది అడగాలనుకుని. "అమ్మా, ఆవేళ గునుపూడిలో ఆ కూర ఏం చేసేవు?"

ఏ రోజని అడగలేదు. "ఉండి రోడ్డు మీద రిక్షా ఆయన ఆపి ఎక్కించుకున్నాడు. ఆయనకెట్టేను. మనోడే. వేళ్ళు నాక్కున్నాడు."

ఇంటావిడ రెండట్లు తిన్న సంగతి చెప్పాను. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "పెనానికేం రుద్దేనో తెలుసా? నూనె మన్దగ్గరెక్కడ్దిరా ఆ రోజుల్లో!" నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క మజ్జిగ ఇచ్చిన ఆవిడ చెయ్యి గుర్తొస్తోంది.

నవ్వు ఆగాక కాసేపు ఊరుకుంది. తరవాత అడిగింది. "మరి నువ్వు దేంతో తిన్నావురా?"

"ఆవిడే అల్లప్పచ్చడి ఇచ్చిందమ్మా."

"ఇచ్చిందా? పోన్లే" అంది. "ఇన్నేళ్ళూ ఒట్టి అట్లే తిన్నావేమో అనుకున్నాను."